అమ్మమ్మ పేరు 43 బైట్లు!

‘‘ఏందే ఇది... నా పేరు మధ్యలో కోసేశారు?’’

సంక్రాంతికి ఊరెళ్లిన మనవరాలి చేతిలో ఓ చిన్న కాగితం ముక్క పెట్టి అడిగింది అమ్మమ్మ. అది పాలకేంద్రంలో ఇచ్చిన చీటీ. తేదీ ఉంది. పూట ఉంది. సభ్యత్వం నంబరు, పాలెన్ని లీటర్లు, వెన్నశాతం ఎంత, రావాల్సిన డబ్బులెన్ని... అన్నీ ఉన్నాయి. అన్నీ అచ్చ తెలుగులోనే. పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘వెంకటలక్ష్’ అని ఆగిపోయింది. పక్కన ఓ ఖాళీ డబ్బా గుర్తు. అంతే!

అమ్మమ్మ అసలు పేరు ఎందుకులెండి, వెంకటలక్ష్మమ్మ అనుకోండి. నెల్లూరు జిల్లాలో ఓ చిన్న పల్లె. రెండు గేదెలు, పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి పాలకేంద్రానికి నడక. పక్కింటావిడ పేరు వెంకటలక్ష్మి. ఆవిడ చీటీ మీద కూడా ‘వెంకటలక్ష్’ అనే ఉంది. వరసలో ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నిలబడితే చాలు, ఏ చీటీ ఎవరిదో తెలియదు. నంబరు వేరు కాబట్టి డబ్బులు తారుమారు కాలేదు. కానీ అమ్మమ్మ బాధ డబ్బుల గురించి కాదు.

ఆమె బడికి వెళ్లలేదు. 1991లో నెల్లూరు జిల్లా అంతటా అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్నప్పుడు, రాత్రిపూట లాంతరు వెలుగులో పలక పట్టింది. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది కూడా ఆ తరగతుల స్ఫూర్తితోనే. అప్పటిదాకా వేలిముద్ర వేసిన అమ్మమ్మ, తన పేరు తాను రాసుకోవడానికి మూడు నెలలు పట్టింది. అన్నిటికన్నా కష్టపెట్టింది ఆ ‘క్ష్మ’. కింద షవత్తు, దాని కింద మవత్తు... దిద్దీ దిద్దీ పలక అరిగిపోయింది. సరిగ్గా అక్కడే యంత్రం పేరును నరికేసింది.

‘‘నాకు రాయడం రానప్పుడు కూడా నన్ను పూర్తి పేరుతోనే పిలిచారమ్మాయ్. ఇప్పుడు చదవడం వచ్చాక సగం పేరు చూపిస్తున్నారు’’ అంది అమ్మమ్మ.

మనవరాలు మాట్లాడలేదు. ఎందుకంటే... హైదరాబాదులో ఆ అమ్మాయి పనిచేసేది అలాంటి యంత్రాలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలోనే. చీటీ కింద ఉన్న గుర్తు తమదే. అందులో పేర్లు దాచే ప్రోగ్రాం ముక్క రాసింది స్వయంగా తనే!

పోపుల డబ్బా లెక్క

ఇలాంటి చిన్న యంత్రాల్లో ప్రోగ్రాములు రాయడానికి ఇప్పటికీ ఎక్కువగా వాడేది ‘సి’ భాష. 1970ల ఆరంభంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన భాష అది. యంత్రానికి బాగా దగ్గరగా ఉంటుంది. అంటే, జ్ఞాపకశక్తిలో ఏ వస్తువు ఎక్కడ, ఎంత చోటులో పెట్టాలో ప్రోగ్రాం రాసేవారే చెప్పాలి. ఆ చోటును కొలిచే ప్రమాణమే బైటు. ఇంగ్లిషు అక్షరం ఒకటి ఒక బైటులో సరిపోతుంది.

ఒక మనిషికి సంబంధించిన వివరాలన్నీ ఒకచోట పెట్టుకోవాలంటే ‘సి’లో స్ట్రక్చర్ అనే ఏర్పాటు ఉంది. ముద్దుగా ‘స్ట్రక్ట్’ అంటారు. వంటింట్లో పోపుల డబ్బా తెలుసుగా? ఆవాలకో గిన్నె, జీలకర్రకో గిన్నె, మెంతులకో గిన్నె. స్ట్రక్ట్ కూడా అంతే. నంబరుకో అర, పేరుకో అర, లీటర్లకో అర. ఏ అర ఎంతుండాలో ముందే నిర్ణయమైపోవాలి. డబ్బా చేయించాక గిన్నె సాగదు.

నంబరుతో పేచీ లేదు. 7 అయినా, 7 లక్షలయినా నాలుగు బైట్లలో పట్టేస్తుంది. చిక్కంతా పేరుతోనే. ‘రాము’ ఉన్నాడు. ‘వీరవెంకటసత్యనారాయణమూర్తి’ ఉన్నాడు. ఇద్దరికీ ఒకే గిన్నె ఎలా? ఎండుమిరపకాయలు పోపుల డబ్బాలో పెట్టాలంటే ఏం చేస్తారు... తుంచుతారు! ఆ అమ్మాయి చేసిందీ అదే. పేరుకు 32 బైట్ల అర పెట్టింది. అందులో చివరి బైటు ‘పేరు ఇక్కడితో అయిపోయింది’ అని చెప్పే సున్నాకు. మిగిలిన 31లో పట్టినంత పేరు. పట్టకపోతే తుంచివేత.

అప్పుడు అదేమీ తప్పనిపించలేదు. పైగా జాగ్రత్త అనిపించింది. ఎందుకంటే తుంచకపోతే ఇంకా ప్రమాదం. ‘సి’ భాష అడ్డుచెప్పదు. పేరు గిన్నెలో నిండి పక్కనున్న నంబరు గిన్నెలోకి పొంగితే... ఆవాల్లో జీలకర్ర కలిసినట్టే. 1988 నవంబరులో జరిగింది అలాంటిదే. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన ‘పురుగు’ ప్రోగ్రాం సుమారు 6,000 కంప్యూటర్లను స్తంభింపజేసిందని అప్పట్లో అంచనా వేశారు. అది వాడుకున్న దారుల్లో ఒకటేమిటో తెలుసా? వచ్చినంత సమాచారాన్ని కొలవకుండా తీసుకునే ‘గెట్స్’ అనే ఫంక్షన్. 512 బైట్ల చోటు ఉన్నచోట అంతకన్నా ఎక్కువ కుమ్మరించింది. ఆ ఫంక్షన్‌ను 2011లో వచ్చిన ‘సి’ ప్రమాణం నుంచి పూర్తిగా తీసేశారు.

ఈ కథలన్నీ ఆ అమ్మాయి కాలేజీలోనే చదువుకుంది. అందుకే పొంగకుండా చూసుకుంది. యంత్రం క్షేమంగానే ఉంది. మనిషి పేరే క్షేమంగా లేదు.

రెండక్షరాలు... 21 బైట్లు!

మరి పరీక్షించలేదా అంటే, పరీక్షించింది. హైదరాబాదు ఆఫీసులో కూర్చుని, ఇంగ్లిషు అక్షరాల్లో. వెంకటలక్ష్మమ్మను ఇంగ్లిషులో రాస్తే 17 అక్షరాలు. 17 బైట్లు. 31లో హాయిగా కూర్చుంది. ‘ఇంకా 14 మిగిలాయి’ అనుకుని ముందుకెళ్లిపోయింది.

తెలుగు లెక్క వేరు. కంప్యూటర్లలో ప్రపంచ లిపులన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కింది 1991లో, అమ్మమ్మ పలక పట్టిన ఏడాదే. ఆ నంబర్లను బైట్లుగా మార్చే ‘యూటీఎఫ్-8’ పద్ధతిని ఆ మరుసటి ఏడాది, 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలోని ఓ హోటల్లో భోజనం చేస్తూ, బల్లమీద పరిచిన కాగితం మీద రూపకల్పన చేశారు. అందులో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు. ఇక్కడ గుర్తు అంటే కంటికి కనిపించే అక్షరం కాదు. హల్లు ఒకటి, గుణింతం ఒకటి, వత్తు కలపడానికి వేసే పొల్లు ఒకటి... ఇలా వేటి లెక్క వాటిదే.

‘లక్ష్మి’ని తీసుకోండి. కంటికి రెండే అక్షరాలు. కంప్యూటరుకు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి... ఏడు గుర్తులు. మూడేళ్లు 21 బైట్లు! ఇక వెంకటలక్ష్మమ్మ? 14 గుర్తులు. 42 బైట్లు. చివరి సున్నాతో కలిపి 43.

ఆ అమ్మాయి పెట్టిన అరలో 31 బైట్లు పట్టాయి. అంటే పది పూర్తి గుర్తులు, పదకొండో గుర్తులో మూడో వంతు. ‘వెంకటలక్ష్’ దాకా పది. ఆ తర్వాతి ‘మ’లో ఒక్క బైటు. మూడో వంతు ‘మ’ను ఎలా అచ్చువేయాలో ప్రింటరుకు తెలియదు. ఓ ఖాళీ డబ్బా వేసి ఊరుకుంది. వెంకటలక్ష్మి, వెంకటలక్ష్మమ్మ, వెంకటలక్ష్మణరావు... ముగ్గురూ ఆ యంత్రానికి ఒక్కరే!

పండగ పూట అరుగు మీద కూర్చుని ఈ లెక్కంతా పాలచీటీ వెనక వేసుకుంది ఆ అమ్మాయి. తప్పెక్కడో దొరికింది. దాన్ని దిద్దడమే... అనుకున్నంత తేలిక కాలేదు.

14 బైట్ల కాలం

అందరికీ తట్టే మొదటి ఆలోచన, గిన్నె పెద్దది చేస్తే పోలా? అని. అందులోని తంటా ఇది. ఓ పాలకేంద్రంలో 300 మంది సభ్యులు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి 32 బైట్లంటే 9,600. 64 చేస్తే 19,200. ఆ చిన్న యంత్రంలో పేర్ల కోసం మిగిలిన చోటు సుమారు 20 వేల బైట్లే. సరిగ్గా సరిపోయిందనుకునేలోపు వీరవెంకటసత్యనారాయణమూర్తి వచ్చి నిలబడ్డాడు. ఇంటిపేరు లేకుండానే 24 గుర్తులు, 72 బైట్లు! సరే, 128 చేద్దామా? 38,400 కావాలి. లేవు. ఉన్నా కూడా, రాముకు కావాల్సింది సున్నాతో కలిపి 13 బైట్లు. మిగతా 115 ఊరికే పడుంటాయి.

ఈ తలనొప్పి కొత్తదేమీ కాదు. 1970ల నాటి యూనిక్స్‌లో ఫైళ్ల పట్టికలో ఒక్కో ఫైలుకు 16 బైట్లు ఇచ్చేవారు. రెండు నంబరుకు, 14 పేరుకు. పేరు 14 దాటకూడదు. ‘సి’లో స్ట్రింగ్‌ను కొలత ప్రకారం నకలు చేసే ‘స్ట్రింగ్-ఎన్-కాపీ’ ఫంక్షన్ పుట్టింది ఇలాంటి నిర్ణీత గడుల కోసమే. అందుకే గడి పూర్తిగా నిండితే అది చివర సున్నా పెట్టదు. తెలియక వాడినవాళ్లు బోల్తా పడుతుంటారు. పాత డాస్ కంప్యూటర్లు వాడినవాళ్లకూ గుర్తుండే ఉంటుంది. ఫైలు పేరంటే ఎనిమిది అక్షరాలు, ఓ చుక్క, మూడు అక్షరాలు. పెళ్లి ఫొటోల ఫైలుకు పేరు పెట్టాలన్నా పొడుపు కథలా ఉండేది. విండోస్-95 వచ్చాకే మామూలు జనానికి ఆ బాధ తప్పింది.

యూనిక్స్‌లో దీనికి విరుగుడు 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కూర్పులో దొరికింది. పేరు 255 దాకా ఉండొచ్చు. కానీ అందరికీ 255 ఇవ్వరు. ఎవరి పేరుకు ఎంత కావాలో అంతే. ప్రతి నమోదు ముందూ ‘నా మొత్తం పొడవు ఇంత, నా పేరు పొడవు ఇంత’ అని రాసుకుంటారు. ఆ అమ్మాయికి దారి కనిపించింది అక్కడే.

క్లోక్‌రూమ్ టోకెన్

అయితే అంతకుముందు ఇంకో దారి ప్రయత్నించింది. ‘సి’లో చాలామంది చేసేది అదే. పేరును స్ట్రక్ట్‌లో పెట్టరు. ఎక్కడో ఖాళీ చోటులో, కావాల్సినంత మేర అడిగి తీసుకుని పెడతారు. స్ట్రక్ట్‌లో మాత్రం ఆ చోటు చిరునామా దాస్తారు. దీన్నే పాయింటర్ అంటారు. రైల్వేస్టేషన్ క్లోక్‌రూమ్‌లాంటిదన్నమాట. సామాను ఎంత పెద్దదైనా జేబులో ఉండేది చిన్న టోకెనే!

సౌకర్యమే. కానీ సామాను పెట్టినవాళ్లే గుర్తుపెట్టుకుని ఖాళీ చేయాలి. మరిచిపోతే ఆ చోటు అలాగే ఇరుక్కుపోతుంది. నెలల తరబడి ఆపకుండా నడిచే యంత్రంలో అలా ఇరుక్కుంటూ పోతే ఓరోజు చోటే ఉండదు. స్ట్రక్ట్‌ను నకలు తీస్తే నకలయ్యేది టోకెనే, సామాను కాదు. ఒకే సామానుకు రెండు టోకెన్లు! ఒకరు ఖాళీ చేసి వెళ్లిపోయాక రెండోవారు వస్తే అక్కడ వేరేవాళ్ల సామానుంటుంది.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది వేరే ఉంది. పాలకేంద్రంలో కరెంటు పోతుంది. అందుకే సభ్యుల వివరాలను మెమరీ కార్డులోకి ఎక్కించాలి. స్ట్రక్ట్‌ను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే కార్డులోకి వెళ్లేది టోకెన్ నంబరు మాత్రమే. మళ్లీ కరెంటొచ్చేసరికి ఆ క్లోక్‌రూమే ఉండదు. నెల్లూరు స్టేషన్ టోకెన్ తీసుకెళ్లి విజయవాడలో చూపించినట్టే.

చివరి ఇంటికే పెరడు

ఇక మిగిలింది మూడో దారి. వరసగా గోడలు కలిపి కట్టిన ఇళ్లున్నాయనుకోండి. మధ్య ఇంటివాళ్లు ఓ గది వేసుకోవాలన్నా కుదరదు. ఇటూ గోడే, అటూ గోడే. చివరి ఇంటివాళ్లకు మాత్రం పక్కన పెరడుంటుంది. ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు.

స్ట్రక్ట్‌లోనూ అంతే. నంబరు, పొడవు లాంటి కొలత మారనివన్నీ ముందు పెట్టి, పేరును అన్నిటికన్నా చివర, కొలత చెప్పకుండా ఖాళీ బ్రాకెట్లతో వదిలేస్తారు. చోటు అడిగేటప్పుడు ‘ఇంటికి ఇంత, పెరటికి ఇంత’ అని కలిపి అడుగుతారు. 1999లో వచ్చిన ‘సి’ ప్రమాణం దీన్ని అధికారికంగా ఒప్పుకుంది. అంతకుముందు చాలా ఏళ్లపాటు ప్రోగ్రామర్లు చివర ఒక బైటు అర పెట్టి, దాన్ని దాటి రాసేస్తూ దొంగచాటుగా ఇదే పని చేసేవారు. భాష తయారుచేసిన రిచీయే దాన్ని చూసి, కంపైలరుతో మరీ అంత చనువు పనికిరాదన్నట్టు చమత్కరించాడు.

పెరటింటికీ షరతులున్నాయి. పెరడు ఒక్క ఇంటికే, అదీ చివరి ఇంటికే. పేరుతోపాటు ఊరు కూడా సాగాలంటే, రెండింటినీ ఆ ఒక్క పెరట్లోనే సర్దాలి. స్ట్రక్ట్ కొలత ఎంతని అడిగితే పెరటిని లెక్కలోకి తీసుకోదు. మామూలుగా నకలు చేస్తే ఇల్లు వస్తుంది, పెరడు రాదు. అందరి ఇళ్లూ ఒకే కొలతలో లేవు కాబట్టి 57వ సభ్యుడు ఎక్కడున్నాడో గుణించి చెప్పలేం. మొదటి నుంచి పొడవులు చూసుకుంటూ నడవాలి. లేదా ఎవరిల్లు ఎక్కడ మొదలవుతుందో చూపే పట్టిక ఒకటి పెట్టుకోవాలి.

ఆ అమ్మాయి పట్టికే పెట్టింది. పేర్లు సగటున 40 బైట్లున్నా, పొడవుకు రెండు, పట్టికలో రెండు, సర్దుబాటుకు మహా అయితే మూడు... 300 మందికీ కలిపి 14 వేల చిల్లర బైట్లు. 20 వేల చోటులో ఆరువేలు మిగిలాయి. కార్డులోకి ఎక్కించినా పేరు స్ట్రక్ట్‌తోపాటే వెళ్తుంది. టోకెన్ల గొడవ లేదు.

కొలత అబద్ధమాడితే...

అంతా బాగానే ఉంది కానీ, పేరు ముందు రాసుకున్న ఆ ‘పొడవు’ నిజమని నమ్మకం ఏమిటి? కార్డు పాడైతే? ఎవరైనా మారిస్తే? 2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ పేరుతో ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసిన లోపం సరిగ్గా ఇదే. ఇంటర్నెట్ భద్రత కోసం లెక్కలేనన్ని సర్వర్లు వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో దొరికింది. ఒకరు గ్లాసెడు పాలు ఇచ్చి ‘ఇవి 64 గ్లాసులు, తిరిగిచ్చేయండి’ అంటే, కొలవకుండా పక్కవాళ్ల క్యాన్లలోంచి తీసి 64 గ్లాసులూ పోసిచ్చినట్టన్నమాట. వచ్చిన సమాచారం పిసరంత. చెప్పిన కొలత 64 కిలోబైట్ల దాకా. సర్వరు ఆ కొలతను నమ్మి, తన జ్ఞాపకశక్తిలో పక్కనున్న ఇతరుల రహస్యాలు కూడా కలిపి పంపేసేది.

పాలకేంద్రంలో ఎవరి మాటా నమ్మరు. కొలపాత్రలో పోసి చూస్తారు. ఆ అమ్మాయి కూడా అదే సూత్రం పెట్టుకుంది. చెప్పిన పొడవు నిజంగా మిగిలున్న చోటులోపలే ఉందా, లేదా? చూశాకే చదవాలి.

ఇంకో మాట కూడా రాసుకుంది. ఎప్పుడైనా తుంచక తప్పకపోతే, గుర్తు మధ్యలో తుంచకూడదు. యూటీఎఫ్-8లో గుర్తు మధ్యలోని బైట్లకు ప్రత్యేకమైన ఆనవాలు ఉంటుంది. కాబట్టి వెనక్కి జరుగుతూ గుర్తు మొదలు దొరికాక అక్కడ ఆపొచ్చు. తెలుగుకు అదీ చాలదు. పొల్లు దగ్గర ఆపితే అక్షరం వేలాడుతుంది. అక్షరం పూర్తయ్యేచోటే ఆపాలి. తుంచినట్టు తెలిసేలా పక్కన చుక్కలు పెట్టాలి. పరీక్షించే పేర్ల జాబితా కూడా మారింది. అందులో మొదటి పేరు అమ్మమ్మదే!

పూర్తి పేరు

ఉగాదికి మళ్లీ ఊరెళ్లింది ఆ అమ్మాయి. అప్పటికే పాలకేంద్రం యంత్రంలో కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. సాయంత్రం అమ్మమ్మ వెంట క్యాను పట్టుకుని తనూ నడిచింది. పాలు కొలిచారు. వెన్న చూశారు. యంత్రం కిర్రుమంటూ చీటీ బయటికి నెట్టింది.

అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది. ‘వెం... క... ట... ల... క్ష్మ... మ్మ’. షవత్తు కింద మవత్తు ఉందా లేదా అని కాగితం దగ్గరగా పెట్టుకుని మరీ చూసింది. ఉంది.

వెనక నిలబడ్డ వెంకటలక్ష్మి తన చీటీ చూసుకుని ‘‘ఇప్పుడు నీది నీకూ, నాది నాకూ వచ్చాయక్కా’’ అంది.

దారిలో మనవరాలు వచ్చీరాని మాటల్లో జరిగింది చెప్పింది. గిన్నెలు, టోకెన్లు, పెరడు... అమ్మమ్మ అంతా విని, కాసేపు మాట్లాడకుండా నడిచి, ఒకటే అడిగింది.

‘‘మరి నా పేరు పట్టడానికి ఎవరి పేరు కుదించావే?’’

‘‘ఎవరిదీ కుదించలేదు అమ్మమ్మా. పొట్టి పేర్ల వెనక ఊరికే పడున్న ఖాళీ ఉంది. అదే వాడుకున్నా.’’

‘‘అట్టయితే మంచిదే’’ అంటూ చీటీని మడిచి కొంగున ముడేసుకుంది అమ్మమ్మ.